తెర ఆగింది, యంత్రం ఆగలేదు

నడుస్తున్న కంప్యూటర్‌ను నేలకూల్చడానికి నాలుగు సెకన్లు చాలు. పవర్ బటన్‌ను అంతసేపు నొక్కి పట్టుకుంటే, లోపల ఏ పని జరుగుతోందో పట్టించుకోకుండా హార్డ్‌వేరే కరెంటు తెంచేస్తుంది. ఆ నాలుగు సెకన్ల లెక్క ఏసీపీఐ అనే ప్రమాణంలోనే రాసి ఉంది. లేపాక్షి గుడి వీధిలోనైనా, హిందూపురం బజారులోనైనా, డీటీపీ షాపులో స్క్రీన్ బిగుసుకుపోతే కుర్రాడి వేలు ముందుగా పోయేది ఆ బటన్ మీదికే.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని ఈ పీఠభూమిలో, పడే ఆ కాస్త వానా గాలితో కలిసి వచ్చి కరెంటు తీగల మీద పడుతుంది. అలా పోయే కరెంటు మన చేతిలో లేదు. వేలితో తెంచే కరెంటు మాత్రం పూర్తిగా మన చేతిలోదే. షాపు యంత్రంలో ఉన్నది లినక్స్ అయితే చాలాసార్లు ఆ తెంపుడుకు అవసరమే ఉండదు. బిగుసుకుపోయింది తెర ఒక్కటే. దాని వెనక యంత్రం తన పని తాను చేసుకుంటూ ఉంటుంది.

పాత యంత్రాల మీద తేలిగ్గా నడుస్తుందనో, లైసెన్సు ఖర్చు ఉండదనో ఉబుంటు, మింట్ అనే లినక్స్ రకాలను వేసుకున్నవాళ్లు మన ఊళ్లలో కొంతమందైనా ఉన్నారు. ప్రభుత్వ రంగంలో చెన్నైలోని సీడాక్ 2007లో డెబియన్ ఆధారంగా బాస్ లినక్స్‌ను తెచ్చింది, అందులో తెలుగు ఉంది. స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులోనే పలికే గ్నూ/లినక్స్‌ను తయారుచేసి ఊళ్లకు, కాలేజీలకు తీసుకెళ్లారు. వీటన్నింటికీ తాత యూనిక్స్. 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టినప్పుడు దానికి బొమ్మల తెర అన్నదే లేదు. టైపు కొట్టే యంత్రం ముందు కూర్చుని ఆజ్ఞలు ఇవ్వడమే. కిటికీలూ మౌసూ ఆ ఇంటికి 15 ఏళ్ల తర్వాత, కోడళ్లలాగా బయటి నుంచి వచ్చాయి.

వచ్చినవాటిలో నిలిచింది ఎక్స్ విండో సిస్టమ్. 1984లో ఎమ్ఐటీలో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ మొదలుపెట్టారు. స్టాన్‌ఫర్డ్‌లో అంతకుముందు ఉన్న డబ్ల్యూ అనే వ్యవస్థ నుంచి పుట్టింది కాబట్టి, అక్షరమాలలో దాని పక్క అక్షరాన్ని పేరుగా పెట్టారు. 1987 సెప్టెంబరులో వచ్చిన పదకొండో కూర్పు, అంటే ఎక్స్11, ముప్పై ఏళ్లకు పైగా యూనిక్స్ ప్రపంచాన్ని ఏలింది. దాని రూపకర్తలు ఒక గట్టి నిర్ణయం తీసుకున్నారు: తెర మీద గీయడం, మీటలు మౌసు కదలికలు అందుకోవడం వరకే మా పని, కిటికీ అంచు ఎలా ఉండాలో, మెనూ ఎక్కడ రావాలో వేరేవాళ్లు చూసుకోవాలి అని. అందువల్ల తెరను నడిపే సర్వర్ ఒక ప్రోగ్రాం అయింది, కిటికీలను సర్దే విండో మేనేజర్ మరో ప్రోగ్రాం అయింది, కింద గడియారం చూపించే ప్యానెల్ ఇంకొకటి. వీటిలో ఏదీ కెర్నెల్, అంటే హార్డ్‌వేర్‌ను నేరుగా నడిపే అడుగు ప్రోగ్రాం, కాదు. మైక్రోసాఫ్ట్ దారి వేరు. 1996లో విండోస్ ఎన్‌టీ 4.0 తెచ్చినప్పుడు వేగం కోసం బొమ్మలు గీసే భాగాన్ని తీసుకెళ్లి కెర్నెల్‌లోనే కూర్చోబెట్టింది.

లేపాక్షి వీరభద్రాలయానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ముందుగా వెతికేది వేలాడే స్తంభాన్ని. దాని కింద తువ్వాలు దూర్చి అవతలి పక్క నుంచి లాగి, నేలకు ఆనలేదని తేల్చుకుని మురిసిపోతారు. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన ఆ మండపం కప్పు బరువంతా మోస్తున్నది ఎవరూ తువ్వాలు దూర్చని మిగతా స్తంభాలు. యూనిక్స్‌లో డెస్క్‌టాప్ స్థానం ఆ వేలాడే స్తంభం లాంటిదే. అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి, బరువు మాత్రం ఇంకెక్కడో నిలబడి ఉంటుంది.

ఆ బరువు మోసే వరుస ఎలా లేస్తుందో చూద్దాం. కరెంటు అందగానే ఫర్మ్‌వేర్, ఆ తర్వాత బూట్‌లోడర్, ఆ తర్వాత కెర్నెల్. కెర్నెల్ లేచి మొట్టమొదటి ప్రోగ్రాంను పుట్టిస్తుంది. దాని నంబరు ఎప్పుడూ 1. నేటి లినక్స్‌లలో చాలావాటిలో ఆ ఒకటో నంబరు సిస్టమ్‌డీది. డిస్కులు తగిలించడం, నెట్‌వర్క్ లేపడం, ప్రింటరు సేవను మొదలుపెట్టడం అన్నీ అది చేయిస్తుంది. ఈ పనులు ఒక మజిలీకి చేరేసరికి యంత్రం నిండుగా పనిచేస్తూ ఉంటుంది, తెర మీద బొమ్మ మాత్రం ఉండదు. ఆ మజిలీ పేరు మల్టీ-యూజర్ టార్గెట్. ప్రపంచంలోని సర్వర్లలో అధికభాగం ఇక్కడే ఆగి ఏళ్ల తరబడి పనిచేస్తాయి. మన షాపు యంత్రం మరో మెట్టు ఎక్కి గ్రాఫికల్ టార్గెట్‌కు వెళ్తుంది. ఆ మెట్టు మీద ఉండేది డిస్‌ప్లే మేనేజర్, అంటే పేరూ పాస్‌వర్డూ అడిగే తెర. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వాళ్లకు జీడీఎమ్, కేడీఈ వాళ్లకు ఎస్‌డీడీఎమ్, తేలికపాటి యంత్రాలకు లైట్‌డీఎమ్. వీటన్నింటికీ పెద్దన్న 1988లో ఎక్స్‌తో పాటు వచ్చిన ఎక్స్‌డీఎమ్.

డిస్‌ప్లే మేనేజర్ లేనిచోట లాగిన్ తెర ఉండేది కాదు. మామూలు నల్ల తెర మీద లాగిన్ అయి, స్టార్ట్‌ఎక్స్ అని కొట్టేవాళ్లు. ఇప్పటికీ ఎక్స్ ఉన్నచోట అది పనిచేస్తుంది. ఏ ప్రోగ్రాంలు ఏ వరుసలో లేవాలో మన హోమ్ ఫోల్డర్‌లోని ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ అనే చిన్న ఫైలులో రాసి ఉంటుంది. అందులో ఒక తమాషా ఉంది. ఆ ఫైలు చివరి పంక్తిలో ఉన్న ప్రోగ్రాం ముగిస్తే తెర మొత్తం ముగుస్తుంది. అందుకే విండో మేనేజర్‌ను ఆఖరున పెడతారు. పొరపాటున గడియారాన్ని ఆఖరున పెట్టి, దాన్ని మూసిన పాపానికి తెరంతా పోగొట్టుకున్న కొత్తవాళ్లు చాలామంది. సెషన్ అన్న మాటకు అర్థం ఇంతకంటే తేటగా తెలిపే ఫైలు మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇక బిగుసుకుపోవడం సంగతి. గుడి పైకప్పు మీది వర్ణచిత్రాలను యాత్రికుడొకడు మంచి కెమెరాతో తీసి, పెద్ద ప్రింటు కావాలని షాపుకు తెచ్చాడనుకోండి. 24 మెగాపిక్సెళ్ల ఫోటో మెయిల్‌లో కొన్ని ఎంబీలే. దాన్ని గింప్‌లో తెరిస్తే ఒక్కో పిక్సెల్‌కు నాలుగు బైట్ల చొప్పున ఒక్క లేయర్‌కే 96 ఎంబీ పడుతుంది. పది లేయర్లు, వెనక్కి తీసుకోవడానికి దాచిన పాత రూపాలు, పక్కన బ్రౌజర్‌లో మీసేవ పేజీ, యూట్యూబ్‌లో పాట. 4 జీబీ ర్యామ్ నిండిపోతుంది. కెర్నెల్ అప్పుడు ర్యామ్‌లో ఉన్నవాటిని డిస్కు మీదికి తోస్తూ, కావలసినవాటిని వెనక్కి లాక్కుంటూ ఊపిరాడక తిరుగుతుంది. తెర గీయాల్సిన ప్రోగ్రాంకు వంతు రాదు. చూసేవాడికి అది చచ్చిన యంత్రంలాగే కనిపిస్తుంది.

"అన్నా, సిస్టం హ్యాంగ్ అయిపాయ. ఆపేసేదా?"

"ఉండప్పా. మౌసు కదల్తాందా?"

"కదల్తాందన్నా. యాడ నొక్కినా పలకడం ల్యా."

"ఐతే బటన్ జోలికి పోవద్దు. కంట్రోల్, ఆల్ట్ రెండూ పట్టుకోని ఎఫ్3 కొట్టు."

కుర్రాడు ఎఫ్3 కొడితే బొమ్మ మాయమై నల్ల తెర వస్తుంది, లాగిన్ అని అడుగుతుంది. ఇవి వర్చువల్ కన్సోళ్లు. డెస్క్‌టాప్ వీటిలో ఒకదాని మీద ఉంటుంది, మిగతావి ఖాళీగా కాచుకుని ఉంటాయి. ఇక్కడ లాగిన్ అయి టాప్ అని కొడితే ర్యామ్‌ను, ప్రాసెసర్‌ను ఎవరు మింగుతున్నారో వరుసగా కనిపిస్తుంది. ఆ ఒక్కదాన్ని కిల్‌తో ఆపితే, మళ్లీ ఎఫ్2 దగ్గరికి వెళ్లేసరికి చాలాసార్లు డెస్క్‌టాప్ ఎక్కడ వదిలామో అక్కడే ఉంటుంది. (ఆజ్ఞల పేర్లను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టాలి. కొన్ని యంత్రాల్లో డెస్క్‌టాప్ ఎఫ్1 మీదో, ఎఫ్7 మీదో ఉంటుంది.)

ఒక ప్రోగ్రాంను ఆపినా కుదరకపోతే రీసెట్. దీన్నీ కింది నుంచి మొదలుపెట్టాలి. ప్యానెల్ ఒక్కటే పోయిందా, దాన్నే మళ్లీ లేపితే సరి. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ4-ప్యానెల్‌కు రీస్టార్ట్ అని చెప్పడమే. కిటికీల అంచులు పోయాయా, విండో మేనేజర్‌ను రీప్లేస్ అన్న సూచనతో మళ్లీ నడపాలి. పాతది దిగిపోయి కొత్తది కూర్చుంటుంది, తెరిచిన ఉత్తరం చెక్కుచెదరదు. ఇవేవీ కుదరకపోతే డిస్‌ప్లే మేనేజర్‌ను తిరిగి లేపడం: సుడో, సిస్టమ్‌సీటీఎల్, రీస్టార్ట్, డిస్‌ప్లే-మేనేజర్, ఈ నాలుగు మాటలు. ఇక్కడ జాగ్రత్త. తెర మీద తెరిచి ఉన్న ప్రతి ప్రోగ్రామూ దీంతో పోతుంది, సేవ్ చేయని పెళ్లికార్డు పోతుంది. ప్రింటరు క్యూలో ఉన్న కాగితాలు, పక్క గదికి ఫైళ్లు పంచుతున్న సేవ, డిస్కు మీద కెర్నెల్ చేస్తున్న రాత, వీటికి మాత్రం ఏమీ కాదు. లాగిన్ తెర కొద్ది సెకన్లలో మళ్లీ ఎదురవుతుంది.

ఒకప్పుడు దీనికి కంట్రోల్, ఆల్ట్, బ్యాక్‌స్పేస్ అనే మూడు మీటలు చాలేవి. కొత్తవాళ్లు తెలియక నొక్కి పని పోగొట్టుకుంటున్నారని 2009 నాటి ఉబుంటు 9.04లో దాన్ని మూసేశారు. రోగికి మందు దాచినట్టయిందని అప్పట్లో గొణిగినవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ నిర్ణయం సబబే అనిపిస్తుంది.

ఈ రీసెట్ కథను వేలాండ్ మార్చింది. క్రిస్టియాన్ హోగ్స్‌బర్గ్ 2008లో మొదలుపెట్టిన ఈ కొత్త పద్ధతిలో తెర సర్వరూ విండో మేనేజరూ ఒకే ప్రోగ్రాం. ఒక కిటికీ మరో కిటికీలోని పాస్‌వర్డును దొంగచాటుగా చూడలేదు, తెర చిరిగినట్టు కనిపించదు. 2016 చివర ఫెడోరా 25 దీన్నే ముందు వరసలో పెట్టింది, ఉబుంటు 21.04లో అదే దారి పట్టింది. 2025లో వచ్చిన ఉబుంటు 25.10లో గ్నోమ్‌కు ఎక్స్ సెషనే లేదు. లాభాలు నిజమే, నష్టం కూడా చెప్పుకోవాలి. ఎక్స్ రోజుల్లో గ్నోమ్ కిటికీలను సర్దే గ్నోమ్ షెల్ మొరాయిస్తే ఆల్ట్, ఎఫ్2 కొట్టి ఆర్ అనే ఒక్క అక్షరం రాస్తే అది తిరిగి లేచేది, కిటికీలు బతికేవి. వేలాండ్‌లో గ్నోమ్ షెల్ పోతే కిటికీలన్నీ దానితోనే పోతాయి. 2024లో ప్లాస్మా 6 తెచ్చిన కేడీఈ వాళ్లు దీనికి విరుగుడు పట్టారు: వాళ్ల విండో మేనేజర్ కేవిన్ కూలి లేస్తే, క్యూటీతో కట్టిన ప్రోగ్రాంలు దానికి మళ్లీ తగులుకోగలవు. గ్నోమ్ వాళ్లు ఈ విషయంలో వెనకబడే ఉన్నారు.

తెలుగువాళ్లకు ఆ నల్ల తెర దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లీషు పుస్తకాల్లో ఇది కనిపించదు. కన్సోల్‌కు వెళ్లగానే తెలుగు మాయమవుతుంది. లేపాక్షి అన్న మాటనే తీసుకోండి. మన కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో అది ఎనిమిది సంకేతాల వరుస: ల, ఏత్వం, ప, దీర్ఘం, క, పొల్లు, ష, గుడి. చివరి నాలుగింటిని కలిపి, గుడిని క మీదికి ఎక్కించి, షను వత్తుగా కిందికి దించి క్షి అని గీయాలి. డెస్క్‌టాప్‌లో ఆ పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. లోహిత్ ఫాంటూ, డెబియన్ ప్యాకేజీల్లో చోటు సంపాదించిన పోతన2000, వేమన2000 ఫాంట్లూ దానికి కావలసిన గుణింతాల బొమ్మలు, నియమాలు అందిస్తాయి. కెర్నెల్ కన్సోల్‌కు ఈ తెలివి లేదు. దాని ఫాంటులో పట్టేవి 256 లేదా మహా అయితే 512 బొమ్మలు. వత్తులను కిందికి దించడం దానికి రాదు. ఫోటోల ఫోల్డర్‌కు లేపాక్షి అని పేరు పెట్టుకుంటే అక్కడ గళ్లూ వజ్రపు గుర్తులూ కనిపిస్తాయి. యంత్రాన్ని తెలుగు లొకేల్‌లో పెట్టుకుంటే, డేట్ అని కొట్టినా నెల పేరు గళ్లలోనే వస్తుంది.

చదవలేకపోవడం సగం బాధ, కొట్టలేకపోవడం మిగతా సగం. డెస్క్‌టాప్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంటుంది, కన్సోల్‌లో ఉండదు. తెలుగు పేరున్న ఫోల్డర్‌లోకి వెళ్లాలంటే సీడీ అని కొట్టి ట్యాబ్ మీట నొక్కుతూ గళ్లలోంచి ఎంచుకోవాలి, లేదా నక్షత్రం గుర్తుతో పిలవాలి. తేదీలూ సందేశాలూ చదవగలిగేలా రావాలంటే ఎల్‌ఏఎన్‌జీ అన్న పెద్దక్షరాల చలరాశిని సీ అని మార్చుకోవాలి. యూజర్ పేరూ పాస్‌వర్డూ రోమన్ అక్షరాల్లోనే ఉండాలని పట్టుబట్టేది కూడా ఇందుకే. తెర పడిపోయిన వేళ మన భాష మన చేతికి అందదు. తెలుగు సాఫ్ట్‌వేర్ కోసం ఇరవై ఏళ్లుగా పనిచేసినవాళ్లు మెనూలను, ఫాంట్లను ఎంతో దూరం తెచ్చారు. ఈ చివరి అంగుళం మాత్రం అలాగే ఉండిపోయింది.

రీసెట్‌లో రెండో రకం ఉంది. తెర మళ్లీ లేస్తుంది, అయితే వంకరగా లేస్తుంది. ప్యానెల్ ఉండదు, లేదా పాస్‌వర్డు సరిగ్గా కొట్టినా లాగిన్ తెరే తిరిగి వస్తుంది. ఇక్కడ తప్పు సెట్టింగుల ఫైళ్లలో ఉంటుంది. కరెంటు కోతకు దీనితో నేరుగా సంబంధం ఉందని లోకానికి తెలిసింది 2009లో. ఆ జనవరిలో ఉబుంటు కొత్త కూర్పును ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మీద పరీక్షిస్తున్నవాళ్లకు ఒక వింత ఎదురైంది. యంత్రం అర్ధాంతరంగా ఆగి మళ్లీ లేచేసరికి డెస్క్‌టాప్ సెట్టింగుల ఫైళ్లు ఉన్నాయి, వాటిలో ఒక్క అక్షరం లేదు. పరిమాణం సున్నా.

ఎందుకంటే, సెట్టింగు మార్చినప్పుడు కొన్ని ప్రోగ్రాంలు పాత ఫైలును ఖాళీ చేసి కొత్త మాటలు రాసేవి. ఎక్స్‌టీ4 వేగం కోసం కొత్త మాటలను డిస్కులో ఎక్కడ పెట్టాలో వెంటనే తేల్చదు, కొంతసేపు ర్యామ్‌లోనే ఉంచుకుంటుంది. ఖాళీ అయిన సంగతి మాత్రం కొద్ది సెకన్లలోనే డిస్కు చిట్టాలో ఎక్కుతుంది. ఈ రెండింటి నడుమ కరెంటు పోతే పాతదీ లేదు, కొత్తదీ లేదు. పాత ఎక్స్‌టీ3లో ఈ సందు అయిదు సెకన్లకు మించేది కాదు కనుక ఎవరి కంటా పడలేదు. ఎక్స్‌టీ4 రాసినవారిలో ముఖ్యుడు టెడ్ చో, తప్పు ప్రోగ్రాంలదేనని, రాసింది డిస్కుకు చేరిందో లేదో అవి అడిగి చూసుకోవాలని వాదించాడు. అయినా లినక్స్ 2.6.30లో కెర్నెల్ వైపు నుంచే ఒక కాపుదల పెట్టాడు. నియమం ప్రకారం అతని వాదన సరైనదే. కరెంటు ఉన్నట్టుండి పోయే ఊళ్లో కూర్చుని చూస్తే మాత్రం, వాదన కన్నా ఆ కాపుదలే మేలు.

అందుకని డెస్క్‌టాప్ వంకరగా లేస్తే సిస్టమ్ మొత్తం ఫార్మాట్ చేయొద్దు. మొదట డీఎఫ్ అని కొట్టి డిస్కులో చోటు ఉందో చూడండి. హోమ్ నిండిపోతే లాగిన్ గుండ్రంగా తిరుగుతుంది, సెషన్ తన చిన్న ఫైళ్లను కూడా రాసుకోలేదు కనుక. తర్వాత ఎక్స్‌అథారిటీ అనే దాచిన ఫైలు ఎవరి పేరున ఉందో చూడండి. ఎప్పుడో సుడోతో తెర లేపి ఉంటే అది రూట్ అనే సర్వాధికార యూజర్ సొత్తయిపోయి ఉంటుంది, దాన్ని తిరిగి మీ పేరున పెడితే తలుపు తెరుచుకుంటుంది. అదీ కాకపోతే కొత్త యూజర్‌ను సృష్టించి లాగిన్ అవ్వండి. అతనికి డెస్క్‌టాప్ బాగా వస్తే దోషం మీ హోమ్ ఫోల్డర్‌లోనే ఉన్నట్టు. గ్నోమ్ సెట్టింగులు డాట్ కాన్ఫిగ్ ఫోల్డర్ లోపలి డీకాన్ఫ్‌లో ఉంటాయి, ఎక్స్‌ఎఫ్‌సీఈవి దాని పక్కనే తన పేరున్న ఫోల్డర్‌లో. డెస్క్‌టాప్ నుంచి లాగ్అవుట్ అయి, కన్సోల్ నుంచి ఆ ఫోల్డర్ పేరు చివర పాత అని రోమన్‌లో తగిలించండి. చెరపొద్దు. డెస్క్‌టాప్ తనకు కావలసినవాటిని కొత్తగా పుట్టించుకుంటుంది, మీ ఫోటోలు ఎక్కడివి అక్కడే ఉంటాయి.

ఇన్ని చేసినా, కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3కి కూడా పలకని రోజు ఒకటి వస్తుంది. కన్సోల్‌కు మార్చే ఆ మీటలను కూడా అందుకునేది తెర ప్రోగ్రామే. అదే బిగుసుకుంటే మీటలు కెర్నెల్‌కు చేరవు. దాన్ని దాటి నేరుగా కెర్నెల్‌కు వినిపించేది సిస్‌ఆర్‌క్యూ, చాలా కీబోర్డుల్లో ప్రింట్‌స్క్రీన్ మీటే అది. ఆల్ట్‌తో కలిపి పట్టుకుని ఆర్ నొక్కితే కెర్నెల్ కీబోర్డును తెర ప్రోగ్రాం చేతిలోంచి లాక్కుంటుంది. అప్పుడు ఎఫ్3 పనిచేసే అవకాశం ఉంది. ఎస్ నొక్కితే ర్యామ్‌లో ఆగిన రాతలు డిస్కుకు చేరతాయి, యు డిస్కులను చదవడానికి మాత్రమే అన్న స్థితిలో పెడుతుంది, బి యంత్రాన్ని తిరిగి లేపుతుంది. ఉబుంటు మామూలుగా ఇచ్చే అనుమతి సంఖ్య 176. అందులో ఎస్, యు, బి ఉన్నాయి, ఆర్ లేదు. ఈటీసీ లోపలి సిస్‌సీటీఎల్ డాట్ డీ ఫోల్డర్‌లో మ్యాజిక్-సిస్‌ఆర్‌క్యూ అనే ఫైలు తెరిచి 176ను 180గా మార్చండి, ఆర్ కూడా చేరుతుంది. మార్చాక ఆ నాలుగు అక్షరాలూ, డిస్‌ప్లే-మేనేజర్‌ను లేపే ఆజ్ఞా ఒక కాగితం మీద రాసి మానిటర్ అంచుకు అంటించుకోండి. తెర ఆగినప్పుడు వాటిని వెతకడానికి ఆ తెర ఉండదు.